పొద్దున ఏడింటి బిజినెస్ గ్రూపు: ఫీజు కట్టే ముందు ఆ గదిలో ఎవరున్నారో చూడండి

బెంగళూరులో చిన్న వ్యాపారం నడిపేవాళ్లకి ఏదో ఒక రోజు ఈ ఫోన్ వస్తుంది. "మేడమ్, గురువారం పొద్దున టిఫిన్‌కి రండి. మా గ్రూపులో ప్యాకేజింగ్ కేటగిరీ ఖాళీగా ఉంది. ఇంకొకరు కూడా అడుగుతున్నారు." ఆ చివరి మాట అందరికీ చెప్తారు, అయినా పనిచేస్తుంది. నేనూ వెళ్లాను, చేరాను, ఇప్పుడు రెండో ఏడాది ఫీజు కూడా కట్టాను. గ్రూపు పేరు మాత్రం రాయను. తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి, పేరు పెట్టి తిట్టి వచ్చే గురువారం వాళ్ల పక్కనే కూర్చుని ఇడ్లీ తినడం కష్టం. పైగా ఇలాంటి గ్రూపులు ఊరంతా ఉన్నాయి, రూల్స్ కూడా ఇంచుమించు ఒకటే. మిమ్మల్ని ఎవరు పిలిచినా ఈ రివ్యూ పనికొస్తుంది.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే నా మార్కులకి అర్థం ఉండదు. మాది హిందూపురం. బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యలో అట్టపెట్టెల యూనిట్ నడుపుతున్నాను. మూడు ప్లై, ఐదు ప్లై (అంటే మూడు పొరలు, ఐదు పొరలు) కార్టన్లు, సీసాల మధ్య పెట్టే పార్టిషన్లు, అంతే. మా దగ్గర కొనేవాళ్లు మసాలా పొడుల వాళ్లు, గానుగ నూనె వాళ్లు, బేకరీలు, చిన్నచిన్న మందుల కంపెనీలు. అంటే నేను ఇళ్లకి అమ్మను, వ్యాపారాలకే అమ్ముతాను. మీరు బొటీక్ నడుపుతున్నా, డెంటల్ క్లినిక్ నడుపుతున్నా మీ లెక్క వేరుగా ఉండొచ్చు.

పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒక్కో వృత్తి నుంచి ఒక్కరినే తీసుకుంటారు. నేనున్నంత కాలం ఆ గ్రూపులోకి ఇంకో అట్టపెట్టెల వాళ్లు రారు. ఇదేం కొత్త ఆలోచన కాదు. 1905లో షికాగోలో పాల్ హ్యారిస్ అనే లాయరు రోటరీ మొదలుపెట్టినప్పుడే ఇలా వృత్తికొకరిని చేర్చుకునేవారు. మీటింగులు వంతులవారీగా ఒక్కొక్కరి ఆఫీసులో జరిగేవి కాబట్టే ఆ పేరు. తర్వాత 1985లో అమెరికాలోనే ఐవాన్ మైజ్నర్ అనే ఆయన బీఎన్‌ఐ పెట్టాడు. వారం వారం కలవడం, ఒకరికొకరు గిరాకీ చూపించడం (దీన్నే రెఫరల్ అంటారు), దాన్ని లెక్క రాసుకోవడం, అదే పని. ఇప్పుడు మన ఊళ్లో పొద్దున్నే కనిపించే గ్రూపుల్లో చాలావాటిది ఈ అచ్చే.

మాది యశ్వంతపూర్‌లో ఒక హోటల్ బాంకెట్ హాల్లో జరుగుతుంది. ఏడింటికి మొదలు. ఏడూ ఐదుకి వెళ్తే తలుపు దగ్గర కూర్చున్నాయన నవ్వుతూనే మన పేరు పక్కన ఎర్ర పెన్నుతో గుర్తు పెడతాడు. ఇడ్లీ, వడ, ఖారాబాత్, కేసరిబాత్. కాఫీ చాలా బాగుంటుంది. సాంబారులో బెల్లం గురించి రాయలసీమ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఏడాది ఫీజు జీఎస్టీతో కలిపి యాభై వేలకి కాస్త అటూ ఇటూ, టిఫిన్, హాలు ఖర్చు వారం వారం విడిగా. సభ్యులు నలభై మంది దాకా. కన్నడం, ఇంగ్లీషు, హిందీ కలిపి మాట్లాడతారు, తెలుగువాళ్లం ఓ ఆరేడుగురం ఉంటాం.

టిఫిన్ అయ్యాక ఒక్కొక్కరూ లేచి తమ వ్యాపారం గురించి చెప్పాలి. నలభై ఐదు సెకన్లు, తర్వాత గంట కొడతారు. ఈ నలభై ఐదు సెకన్లే గ్రూపుకి ప్రాణం, కానీ దాన్ని సరిగ్గా వాడుకునేవాళ్లు పదిమందిలో ఇద్దరు కూడా ఉండరు. కొత్తగా చేరినవాళ్లంతా ఒకే మాట చెప్తారు: "క్వాలిటీ బాగుంటుంది, రేటు రీజనబుల్, ఎవరికైనా కావాలంటే చెప్పండి." అందరూ తలూపుతారు, ఎవరూ ఏమీ ఇవ్వరు. మా గ్రూపులో లేబుళ్లు ప్రింట్ చేసే ప్రొద్దుటూరు అబ్బాయి ఒకడున్నాడు. కాఫీ దగ్గర నాకు చెప్పాడు: "అక్కా, ఎవరైనా అంటే ఎవరి మొహమూ గుర్తు రాదు. మనిషిని చూపించు."

తర్వాతి వారం ఇలా అడిగాను: "గాజు సీసాల్లో నూనె గానీ తేనె గానీ కొరియర్‌లో పంపుతూ, సీసాలు పగిలి రిటర్న్ వస్తున్నాయని తల పట్టుకున్నవాళ్లు మీకెవరైనా తెలుసా?" గంట కొట్టేలోపే ఒకాయన చెయ్యెత్తాడు. యశ్వంతపూర్ ఏపీఎంసీ మార్కెట్ యార్డ్ వెనక ఆయన బావమరిది గానుగ నూనె అమ్ముతున్నాడట. వెళ్లి చూస్తే పెట్టె మూడు ప్లైది, సీసాల మధ్య న్యూస్‌పేపర్ ఉండలు. ఐదు ప్లైకి మార్చి, పార్టిషన్ వేసి, సీసా మెడ దగ్గర ఇంకో అట్ట పెట్టి శాంపిల్ చేసిచ్చాం. నడుము ఎత్తు నుంచి ఆయన చేతనే పడేయించాను. ఆ పార్టీ ఇప్పటికీ మాతోనే ఉంది.

ఏడాదికి ఒకటి రెండుసార్లు ఒక్కో సభ్యుడికి పది నిమిషాల ప్రెజెంటేషన్ వస్తుంది. చాలామంది స్లైడ్లు వేస్తారు: కంపెనీ ఫొటో, విజన్, మిషన్, ఆఖర్న థాంక్యూ. నేను రెండు పెట్టెలు పట్టుకెళ్లాను. సైజు ఒకటే, కాగితం ఒకటే, ఐదు ప్లై రెండూ. ఒకదానిలో అట్ట పొరల మధ్య ఉండే ముడతల కాగితం అలలు నిలువుగా ఉన్నాయి, రెండోదాన్ని కావాలనే అడ్డంగా కట్ చేయించాను. మా గ్రూపులో అందరికంటే బరువైన మనిషి ఇంటీరియర్ డిజైనర్. ఆయన్ని మొదటి పెట్టె మీద కూర్చోమన్నాను. దర్జాగా కూర్చున్నాడు, కాలు మీద కాలు కూడా వేశాడు. రెండోదాని మీద కూర్చోగానే పెట్టె గోడలు మెల్లగా బయటికి ఉబ్బాయి, ఆయన కళ్లు పెద్దవయ్యాయి, పక్కవాళ్లు చెయ్యి పట్టుకుని లేపారు. హాలంతా ఒకటే నవ్వు. పెట్టె మీద పెట్టె పేర్చినప్పుడు బరువు మోసేది నిలువు అలలేననీ, రేటు తగ్గించడానికి షీటు అడ్డంగా తిప్పి కోసేవాళ్లు ఉంటారనీ, వానాకాలం గోడౌన్‌లో చెమ్మ తగిలితే మంచి పెట్టె కూడా బలం పోగొట్టుకుంటుందనీ ఆ రోజు నలభై మందికి తెలిసింది. ఇది బ్రోచర్‌లో అచ్చేసి పంచితే ఎవరూ చదివేవారు కాదు. గ్రూపుకి నేను ఫుల్ మార్కులు వేసే విషయం ఇదే: వింటామని మాటిచ్చి కూర్చున్న నలభై మంది, వారం వారం, వాళ్లంతట వాళ్లే దొరుకుతారు.

ఇక అసలు సంగతి. నలభై మందిలో నాకు పని వచ్చింది నలుగురి దగ్గర నుంచే. లేబుళ్ల అబ్బాయి, ఫుడ్ లైసెన్సులు ఇప్పించే కన్సల్టెంట్, సీసాలూ జాడీలూ అమ్మే ఆయన, లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆయన. ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు. తినే వస్తువు ఏదైనా అమ్మాలంటే ముందు ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషనో లైసెన్సో కావాలి. అంటే కొత్తగా పచ్చళ్ల బ్రాండో, చిరుధాన్యాల బిస్కెట్లో మొదలుపెడుతున్నారని బజారుకంటే ముందు తెలిసేది ఆ కన్సల్టెంట్‌కే. తర్వాత వాళ్లకి సీసా కావాలి, సీసాకి లేబుల్ కావాలి, అన్నిటికీ కలిపి నా పెట్టె కావాలి, పెట్టెకి లారీ కావాలి. మా ఐదుగురి గిరాకీ ఒక్కటే, అమ్మే సరుకులే వేరు. ఇప్పుడు మేం ఐదుగురం గ్రూపు మీటింగుతో సంబంధం లేకుండా నెలకోసారి పీణ్యలో మా యూనిట్‌లోనే కూర్చుని టీ తాగుతాం. ఎవరి దగ్గరికి కొత్త పార్టీ వచ్చిందో చెప్పుకుంటాం.

మిగతా ముప్ఫై అయిదు మంది? మంచివాళ్లు. ఫొటోగ్రాఫర్ మా పెట్టెల ఫొటోలు ఉచితంగా తీసిచ్చాడు. మా అత్తగారికి ఒంట్లో బాగోలేనప్పుడు యోగా టీచర్ కారేసుకుని వచ్చింది. వాళ్ల దగ్గర నాకు వ్యాపారం రాలేదు, వాళ్లకి మాత్రం నా దగ్గర వచ్చింది. మా ఇంట్లో ఇప్పుడు అందరికీ ఇన్సూరెన్స్ పాలసీలున్నాయి, వంటింట్లో వాటర్ ప్యూరిఫయర్ మారింది, మా ఆయన వద్దంటున్నా బాల్కనీకి ఇన్విజిబుల్ గ్రిల్ కూడా వచ్చింది. ఏడాది ఫీజు అని వాళ్లు చెప్పే అంకెలో ఈ ఖర్చు కలవదు, మీరే కలుపుకోవాలి.

ఫీజు వెనక్కి వచ్చిందా అంటే వచ్చింది. ఎక్కువ భాగం ఆర్డర్ల రూపంలో రాలేదు. ఒకసారి ఒక సభ్యుడు స్నాక్స్ కంపెనీ ఓనర్‌ని పరిచయం చేశాడు. పెద్ద మాటలు, పెద్ద ఆర్డరు, అరవై రోజుల క్రెడిట్. మా ట్రాన్స్‌పోర్ట్ ఆయనకి ఫోన్ చేసి పార్టీ పేరు చెప్పాను. ఒక్క క్షణం ఆగి, "మేడమ్, వాళ్ల దగ్గర మా బాడుగే ఆగిపోయి ఉంది. అడ్వాన్స్ లేకుండా సరుకు దింపొద్దు" అన్నాడు. సగం అడ్వాన్స్ అడిగాను. ఆ ఓనర్ మళ్లీ ఫోన్ ఎత్తలేదు. పరిచయం చేసినాయన్ని అడిగితే, "జిమ్‌లో పరిచయం మేడమ్, అంతకంటే నాకూ తెలియదు" అన్నాడు. రెఫరల్ ఇవ్వడం పెళ్లి సంబంధం చెప్పడం లాంటిది. పేరు చెప్పడానికి నిమిషం పట్టదు, తర్వాత మాట వస్తే మధ్యవర్తికే వస్తుంది. ఈ భయం ఉన్నవాళ్లు ఇచ్చే రెఫరల్సే పనికొస్తాయి, ఆ భయం ఎవరికుందో తెలియడానికి ఓ ఆరు నెలలు పడుతుంది.

రెండో లాభం మా గ్రూపు సీఏ గారి వల్ల. ఆయన తన పది నిమిషాల్లో సొంత డబ్బా కొట్టుకోలేదు, 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం గురించి చెప్పారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర చేసుకునే నమోదు) ఉన్న చిన్న తయారీదారు దగ్గర సరుకు కొంటే, రాతపూర్వక ఒప్పందంలో ఉన్న గడువులోగా డబ్బు కట్టాలి. ఆ గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులే. ఆలస్యం చేస్తే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఆదాయపన్నులో 2024-25 అసెస్‌మెంట్ ఏడాది నుంచి ఇంకో మెలిక కూడా ఉంది. గడువులోగా మనకి కట్టని డబ్బుని కొన్నవాళ్లు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేరు, కట్టిన ఏడాదే చూపించుకోవాలి. అందుకే మార్చి వచ్చేసరికి ఆ కంపెనీల అకౌంటెంట్లే మనకి ఫోన్ చేసి ఉద్యమ్ నంబర్ అడుగుతున్నారు. ఆ వారమే మా బిల్లు కింద ఉద్యమ్ నంబరు, గడువు అచ్చు వేయించాను. చాలామంది కస్టమర్లు కాస్త ముందుగా కడుతున్నారు. ఒకాయన మాత్రం "ఇంత చట్టాలు తెలిసినవాళ్లతో మాకు కష్టం మేడమ్" అని వేరేచోట కొనుక్కుంటున్నాడు. మంచిదే.

ఇప్పుడు తిట్లు. మొదటిది రెఫరల్ కోటా. ప్రతి వారం ఏదో ఒకటి ఇవ్వాలి, ఇవ్వకపోతే నెలాఖరు చార్టులో మన పేరు పక్కన ఎర్ర రంగు. దాంతో జనం పేరుకి చీటీలు రాస్తారు. "మా అపార్ట్‌మెంట్‌లో ఒకామె కేకులు చేస్తుంది, మాట్లాడి చూడండి" అని నాకొక చీటీ వచ్చింది. ఫోన్ చేస్తే ఆమె నెలకి నాలుగు కేకులు చేస్తుందట, పెట్టెలు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటుందట. పాపం, నేనెందుకు ఫోన్ చేశానో ఆమెకే తెలియలేదు.

రెండోది చప్పట్ల లెక్క. వచ్చిన వ్యాపారానికి లేచి థాంక్స్ చెప్పి అంకె చెప్పాలి. ఆ అంకెలన్నీ కూడి ఈ ఏడాది మన గ్రూపు ఇన్ని కోట్లు అని బోర్డు పెడతారు. అందులో రియల్ ఎస్టేట్ ఆయన అమ్మిన ఒక్క సైటు విలువ మా అందరి అంకెలనీ మింగేస్తుంది. బిల్లు వేసిన డబ్బూ చేతికొచ్చిన డబ్బూ ఒకే వరసలో ఉంటాయి. అతిథిగా వచ్చినవాళ్లకి ముందు చూపించేది ఈ బోర్డే. దాన్ని చూసి చేరొద్దు.

మూడోది టైము. ఏడింటికి హాల్లో ఉండాలంటే స్కూలుకెళ్లే పిల్లలున్న ఆడవాళ్లకి ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి. మా నలభై మందిలో ఆడవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, కారణం ఇదేనని కమిటీకి చెప్పాను. "మీ బదులు వేరే ఎవరినైనా పంపండి మేడమ్, రూల్ ఉంది కదా" అన్నారు. పంపొచ్చు, నిజమే. మా సూపర్‌వైజర్‌ని ఒకసారి పంపాను. టిఫిన్ బాగుందని చెప్పాడు.

ఈ డబ్బుకి ఇంకేం దొరుకుతుందని అడిగేవాళ్లు ఉంటారు. బెంగళూరులో సంఘాలకి కొదవ లేదు. విశ్వేశ్వరయ్య గారు మైసూరు దివాన్‌గా ఉన్నప్పుడు, 1916లో మొదలైన వాణిజ్య ఛాంబరే ఇప్పటి ఎఫ్‌కేసీసీఐ. చిన్న పరిశ్రమల సంఘం కాసియా 1949 నుంచి ఉంది. కరెంటు ఛార్జీలో, ప్రభుత్వ పథకమో, రోడ్డో, డ్రైనేజీనో అయితే ఇలాంటి సంఘాలకీ పీణ్య పరిశ్రమల అసోసియేషన్‌కీ వెళ్లాలి, గిరాకీ కోసం కాదు. ఆడవాళ్లయితే 1983లో పెట్టిన మహిళా వ్యాపారుల సంఘం అవేక్ సంగతి తప్పకుండా కనుక్కోండి. వ్యాపారం ఇంకా మొదలుపెట్టనివాళ్లకి పొద్దుటి గ్రూపుకంటే అలాంటి చోటే నయం, ఎందుకంటే మా గ్రూపులో కొత్తవాళ్లకి నేర్పే ఓపిక ఎవరికీ ఉండదు. ఇక తుమకూరు రోడ్డు మీద బీఐఈసీ అనే పెద్ద ప్రదర్శన కేంద్రంలో ఎగ్జిబిషన్లు జరుగుతుంటాయి. 2024 నవంబరులో మెట్రో మాదావర దాకా పొడిగించాక వెళ్లడం తేలికైంది. మీ కస్టమర్లు స్టాళ్లు పెట్టే ఎగ్జిబిషన్ చూసుకుని, రెండో రోజు మధ్యాహ్నం జనం పలచబడ్డాక వెళ్లండి. స్టాల్‌లో నిలబడి కాళ్లు లాగుతున్నవాళ్లు కూర్చోబెట్టి మరీ మాట్లాడతారు.

మన తెలుగువాళ్ల కార్తీక వనభోజనాల సంగతి కూడా చెప్పాలి. నెలమంగళ దగ్గర ఒక తోటలో ఉసిరిచెట్టు కింద ఆకుల్లో పులిహోర తింటూ నాకొక చిరుధాన్యాల మురుకుల కంపెనీ దొరికింది. ఫీజు లేదు, గంట లేదు, ఏ ఊరివాళ్లు, ఎవరి తాలూకు అని రెండు ప్రశ్నల్లో నమ్మకం కుదిరిపోయింది. ఆ నమ్మకంతో పాటే "మనవాళ్లే కదా అక్కా, రేటు చూసి వేయి" కూడా వచ్చింది. బిల్లు అడగడానికి ఫోన్ చేస్తే ముందు పిల్లల చదువుల గురించి పది నిమిషాలు మాట్లాడాలి, తర్వాత డబ్బు ఊసెత్తడానికి నోరు రాదు. పొద్దుటి గ్రూపులో ఈ మొహమాటం లేదు. అందరం డబ్బు కోసమే వచ్చామని అందరికీ తెలుసు కాబట్టి, "మీ బిల్లు ఎప్పుడిస్తారు?" అని కాఫీ కప్పు చేతిలో ఉండగానే అడగొచ్చు. నావరకు ఇది ఫీజు కట్టదగ్గ సౌకర్యమే.

ఐదుకి మూడున్నర ఇస్తాను. వ్యాపారాలకి సరుకు అమ్మేవాళ్లు, అప్పటికే రెండు మూడేళ్లు నిలదొక్కుకున్నవాళ్లు చేరొచ్చు. చేరే ముందు అతిథిగా రెండుసార్లు పిలుస్తారు, ఆ రెండూ వాడుకోండి. సభ్యుల జాబితా అడిగి, మీ కస్టమర్ దగ్గరికే వేరే సరుకుతో వెళ్లేవాళ్లు ఎంతమంది ఉన్నారో టిక్ పెట్టుకోండి. నలుగురుంటే చేరండి. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరి ఫోన్ నంబర్ తీసుకుని, కాఫీ తాగి వచ్చేయండి. కమిటీ వాళ్లు "ఈ వారమే ఆఖరు" అంటారు, వచ్చే నెల కూడా అదే అంటారు. హోటల్ బేస్‌మెంట్‌లో పార్కింగ్ ఆరున్నరకే నిండిపోతుంది, మెట్రోలో వెళ్లడం మేలు, యశ్వంతపూర్ స్టేషన్ నుంచి నడిచే దూరమే. విజిటింగ్ కార్డులు యాభై తీసుకెళ్లండి, అక్కడ అందరూ అడుగుతారు.